బాతు ఈకతో ఫ్లై

గాలం ముల్లు మీద ఈక, దారం, ఉన్ని చుట్టి పురుగు రూపం తెప్పించిన ఎరను ఫ్లై అంటారు. వానపాము, పిండి ముద్ద చేపను వాసనతో, రుచితో రప్పిస్తాయి. ఫ్లైకి ఆ రెండూ లేవు. దానికున్నది రూపం, కదలిక మాత్రమే. నీటి మీద వాలిన ఈగగానో, అడుగు నుంచి పైకి లేస్తున్న లార్వాగానో, బెదిరి పరుగుతీస్తున్న చిరుచేపగానో అది చేప కంటికి కనబడాలి. బరువు లేదు కాబట్టి దాన్ని ఒక్కదాన్నే విసిరితే దూరం పోదు. గాలపు కర్ర నుంచి వెళ్ళే మందపాటి దారమే తన బరువుతో ఫ్లైని మోసుకెళ్ళి మెత్తగా నీటి మీద దించుతుంది.

ఇంత తేలికైన ఎరకు ఈకను మించిన సరుకు ఇప్పటికీ దొరకలేదు. కోడి మెడ ఈక, నెమలి ఈక, కౌజు పిట్ట ఈక, ఇలా ఎన్నో వాడతారు గానీ వాటిలో బాతు ఈకది ప్రత్యేకమైన చోటు. బాతు బతుకంతా నీటి మీదే సాగుతుంది. ఆ ఈక నీటిని తట్టుకునేలా, గాలిని పట్టి ఉంచేలా ఏర్పడింది. వేటాడి తెచ్చిన బాతును కూర వండుకున్నాక, మిగిలిన ఈకలతో శీతాకాలమంతా ఫ్లైలు కట్టుకోవడం ఐరోపాలోనూ అమెరికాలోనూ పాత అలవాటు. ఆ ఫ్లైలకు పేర్లనిచ్చిన బాతు జాతుల్లో కొన్ని ప్రతి చలికాలం హైదరాబాద్ పడమటి అంచుకు, కోకాపేట పక్కనున్న గండిపేట నీళ్ళ మీదికి వస్తాయి. ఇక్కడ వాటిని వేటాడకూడదు, వాటి ఈకను తీసుకోకూడదు. అయినా ఈ చేతిపని ఇక్కడ సాధ్యమే. అడవి బాతు జోలికి పోకుండా, పెంపుడు బాతు ఈకతో అంతే నాణ్యమైన ఫ్లై కట్టవచ్చు.

ఈ విద్య చాలా పాతది. క్రీస్తుశకం 200 ప్రాంతంలో ఏలియన్ అనే రోమన్ రచయిత, మాసిడోనియా జాలర్లు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి కోడి ఈకలు కట్టి చేపలు పట్టడాన్ని వర్ణించాడు. ఇంగ్లండులో 1496లో అచ్చయిన గాలపు వేట గ్రంథంలో పన్నెండు ఫ్లైలు కట్టే పద్ధతి ఉంది. జూలియానా బెర్నర్స్ రాసిందని చెప్పుకునే ఆ గ్రంథంలో అప్పటికే కొన్ని ఫ్లైలకు రెక్కలు మగ అడవి బాతు ఈకలతో పెట్టమని సూచన కనబడుతుంది. భారతదేశానికి ఈ పనిని ఇంగ్లీషు ఉద్యోగులు తెచ్చారు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’, 1887లో ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ రాశాడు. మొదటిదానికి పేరు ఎక్కువ వచ్చినా, చెరువుల దేశమైన తెలంగాణకు దగ్గరగా ఉన్నది రెండోది. మహసీర్ చేప ఈదే కొండ నదులను వదిలి, ఊరి చెరువులో గాలం వేయడాన్ని ఒక విద్యగా పరిగణించిన పుస్తకం అది.

కాగితాల మీద ఉస్మాన్ సాగర్, జనం నోట గండిపేట. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో కట్టిన ఆనకట్ట ఇది. 1920కి పూర్తయింది. దాని జోడు హిమాయత్ సాగర్ 1927లో సిద్ధమైంది. వరద ఆపడానికి, ఊరికి తాగునీరు ఇవ్వడానికి కట్టిన ఆ చెరువుల్లో లోతు తక్కువున్న అంచులు, అక్కడి బురద, నాచు, నీటి గడ్డి బాతులకు మేతయ్యాయి. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి హిమాలయాలకు అవతలి నుంచి గార్గనీలు, సూదితోక బాతులు, గరిటె ముక్కున్న షవెలర్లు, చిన్న టీల్ బాతులు దక్కను చెరువులకు చేరతాయి. కొల్లేరు వైపు జనం వీటిని పరజలు, పరజ పిట్టలు అంటారు. ఏడాది పొడవునా ఇక్కడే ఉండే చుక్కమూతి బాతుకు మాత్రం ఫ్లై కట్టేవాళ్ళు వెతికే చారల ఈక లేదు. దానిలో ఆడా మగా దాదాపు ఒకే రంగు. చారల ఈక వలస వచ్చే మగ బాతులదే. ఫ్లై కట్టేవాళ్ళకు అన్నిటికన్నా ముఖ్యమైన మల్లార్డ్ బాతు ఉత్తర భారతంలో చలికాలం గడుపుతుంది గానీ దక్షిణానికి రావడం అరుదు.

నిజాం రాజ్యంలో చలికాలపు చెరువు అంటే తుపాకీ వేటకు అనువైన చోటు. సికింద్రాబాద్ కంటోన్మెంటు అధికారులకూ, హైదరాబాద్ నవాబులకూ బాతు వేట కాలక్షేపం. పల్లెల్లో వలలతో పట్టి తినేవారూ ఉండేవారు. అయితే ఆ పక్షులను తుపాకీ లెక్కల్లో కాకుండా శాస్త్రం లెక్కల్లోకి తెచ్చినవాడు సలీం అలీ. 1931-32లో ఆయన హైదరాబాద్ రాజ్యపు పక్షుల సర్వే చేశాడు. పక్షి పరిశోధకుడు హ్యూ విస్లర్ వ్యాఖ్యలతో కలిసి ఆ ఫలితాలు 1933, 1934లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. ఈ నేల మీద ఏ పక్షి ఎక్కడ ఉండేదో తెలుసుకోవాలంటే నేటికీ మొదట తెరవవలసినవి ఆ పుటలే.

చట్టం నెమ్మదిగా బిగిసింది. బ్రిటిష్ ఇండియాలో 1912 నాటి అడవి పక్షులు, జంతువుల రక్షణ చట్టం బాతులకు కూడా వేట నిషేధ కాలాన్ని ప్రకటించే వీలు కల్పించింది. స్వాతంత్ర్యం వచ్చాక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో బాతును చిన్న వేట జాబితాలో ఉంచి, లైసెన్సు మీద వేటాడనిచ్చింది. 1991 సవరణ ఆ లైసెన్సులను కూడా తీసేసింది. అప్పటి నుంచి దేశంలో వినోదం కోసం అడవి బాతును కాల్చడానికి దారి లేదు. వేటాడిన పక్షి మాత్రమే కాదు, చచ్చి దొరికిన అడవి పక్షి కూడా ప్రభుత్వ ఆస్తి కిందికి వస్తుంది. నెమలి తోక ఈకలకు దేశం లోపల మినహాయింపు ఉంది, ఎగుమతికి లేదు. ఇది మంచి చట్టం. గండిపేట చుట్టూ ఊరు ఎలా పెరిగిందో చూస్తే అవసరమైన చట్టం కూడా. 2023 ఆగస్టు వేలంలో కోకాపేటలోని నియోపోలిస్ లేఅవుట్‌లో ఎకరం 100.75 కోట్ల రూపాయలకు పోయింది. అంత విలువైన నేల పక్కన, వేల మైళ్ళు ఎగిరి వచ్చిన పక్షికి దిగడానికి ఇంకా నీళ్ళు మిగిలి ఉన్నాయంటే దాన్ని కాపాడుకోవలసిందే.

ఇక ఈక సంగతి. బాతు ఒంటి మీద ఒక్కో చోటి ఈక ఒక్కో పనికి వస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ వాడేది పక్క ఈక, అంటే రెక్క ముడుచుకున్నప్పుడు దాని కింద డొక్క మీద కనబడే ఈక. మగ టీల్‌లో ఆ ఈక మీద నలుపు తెలుపు చారలు స్పష్టంగా ఉంటాయి. మగ మల్లార్డ్‌లో బూడిద రంగు మీద సన్నని అలల గీతలు ఉంటాయి. నీటిలో ఈదుతున్న చిరుచేప ఒంటి మెరుపును ఆ చారలు భ్రమింపజేస్తాయి. బ్రిటన్‌లో సముద్రపు ట్రౌట్ కోసం కట్టే ‘టీల్, బ్లూ అండ్ సిల్వర్’, స్కాట్లండ్ చెరువుల ‘పీటర్ రాస్’ ఫ్లైల రెక్కలు టీల్ పక్క ఈకతోనే పెడతారు. ఆ టీల్, గండిపేటకు వచ్చే చిన్న టీల్ ఒకే జాతి. మల్లార్డ్ భుజం దగ్గర, ఒక్కో పక్కన కొద్దిపాటి ఈకలు మాత్రం కంచు రంగులో ఉంటాయి. ‘మల్లార్డ్ అండ్ క్లారెట్’ అనే ప్రసిద్ధమైన ఫ్లైకి అవే కావాలి. ఒక్కో పక్షికి అవి కొన్నే దొరుకుతాయి కాబట్టి వాటి ధర ఎప్పుడూ ఎక్కువే.

రెక్క ఈకలది వేరే పని. పెద్ద ఈకను వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే కాడకు రెండు వైపులా పీచులు ఒకదానికొకటి అతుక్కుని పలకలా కనబడతాయి. ప్రతి పీచుకూ ఇరుపక్కలా ఇంకా సన్నని పోగులు, వాటికి కంటికి ఆనని కొక్కేలు ఉంటాయి. వేలితో చీలిస్తే పీచులు విడిపోతాయి. మళ్ళీ మొదలు నుంచి చివరికి నిమిరితే జిప్పు వేసినట్టు కలుసుకుంటాయి. ఫ్లైకి రెక్కలుగా పెట్టేది ఆ పలక నుంచి కోసిన సన్నని పీలికలనే. ఇక్కడ కొత్తవాళ్ళు తరచూ తప్పు చేస్తారు. ఎడమ రెక్క ఈక ఒక వైపు వంగుతుంది, కుడి రెక్క ఈక మరో వైపు. రెండు పీలికలూ ఒకే రెక్క నుంచి తీస్తే ఫ్లై రెక్కలు రెండూ ఒకే పక్కకు వాలి, గాలిలో బొంగరంలా తిరిగి దారాన్ని మెలిపెడతాయి. ఎడమ రెక్కలో ఎన్నో ఈక తీశారో కుడి రెక్కలో కూడా అదే ఈక, అదే ఎత్తున కోసిన పీలిక కావాలి. అందుకే రెక్కలను ఎప్పుడూ జతగా దాచుకుంటారు. మల్లార్డ్ రెక్క మీద మెరిసే నీలి పట్టీ ఈకలను ‘బుచ్చర్’ ఫ్లైకి వాడతారు.

అన్నిటిలో విశేషమైనది తోక మొదట నూనె గ్రంథి చుట్టూ ఉండే మెత్తని చిన్న ఈక. దీన్ని ప్రపంచమంతటా సీడీసీ అని పిలుస్తారు. బాతు ముక్కుతో ఈ గ్రంథిని నొక్కి, వచ్చిన నూనెను ఒంటి ఈకలన్నిటికీ పూసుకుంటుంది. గ్రంథి పక్కనే ఉన్న ఈకలు ఆ నూనెలో తడిసి ఉంటాయి. 1920ల ప్రాంతంలో స్విట్జర్లాండ్ జురా కొండల్లో ఫ్లైలు కట్టేవారు దీన్ని వాడుకలోకి తెచ్చారు. తర్వాత స్లొవేనియాకు చెందిన మరియాన్ ఫ్రాట్నిక్, దారం చుట్టిన గాలం మీద రెండు మూడు సీడీసీ ఈకలు మాత్రమే కట్టిన ఎఫ్ ఫ్లైతో దాని పేరు ఇంకా వ్యాప్తి చేశాడు. ఫ్లైల చరిత్రలో అంత తక్కువ సరుకుతో అంత చక్కగా పనిచేసినవి అరుదు. ఈ ఈక తేలడానికి నూనె ఒక్కటే కారణమనుకోవడం సగం నిజం. రంగు వేసేటప్పుడు నూనె పోయిన ఈక కూడా తేలుతుంది. అసలు బలం దాని నిర్మాణంలో ఉంది. పీచు మీద మెలితిరిగిన పోగులు గాలిని బుడగలుగా పట్టి ఉంచుతాయి. కాబట్టి ఫ్లైలు తేలడానికి రాసే జిగట జెల్లు దీనికి రాయకూడదు. పోగులు అతుక్కుని గాలి పోతే ఫ్లై మునుగుతుంది.

ఈక నాణ్యతకు కాలం కూడా ముఖ్యం. సంతానోత్పత్తి కాలం ముగిశాక మగ బాతులు రంగుల ఈకలు రాల్చి, కొంతకాలం ఆడ బాతుల్లాంటి మట్టి రంగు ఈకలతో ఉంటాయి. శరత్కాలం మొదట్లో వేటాడిన పక్షిలో చారలు సగమే దిగి ఉంటాయి, ఈక కాడలో ఇంకా నెత్తురు ఉంటుంది. అటువంటి ఈక ఎండాక ముడతపడుతుంది. ఐరోపా వేటగాళ్ళు నడి చలికాలపు పక్షినే ఫ్లైల కోసం దాచుకునేది అందుకే.

అమెరికాలో చట్టం మరో దారి పట్టింది. 1918లో వలస పక్షుల చట్టం వచ్చినప్పుడు వుడ్ డక్ అనే బాతు వేటను పూర్తిగా మూసేశారు, 1941లో మళ్ళీ పరిమితంగా తెరిచారు. క్యాట్‌స్కిల్ కొండల్లో థియోడర్ గోర్డన్ పేరు మీద నిలిచిన ‘క్విల్ గోర్డన్’ ఫ్లైకి రెక్క వుడ్ డక్ పక్క ఈకతోనే పెట్టాలి. పక్షి దొరకని ఆ రోజుల్లో కట్టేవాళ్ళు మల్లార్డ్ ఈకకు నిమ్మ పసుపు రంగు వేసి పని నడిపారు, చేపలు తేడా పట్టలేదు. నేటికీ అక్కడి నిబంధన ఆసక్తికరమైనది. చట్టబద్ధంగా వేటాడిన నీటి పక్షుల ఈకలను ఫ్లైల కోసం, దిండ్లు, పరుపుల కోసం అమ్మవచ్చు. టోపీలకు, అలంకారానికి మాత్రం అమ్మకూడదు.

తెలుగు నేల మీద ఈ పనికి దారి పెంపుడు బాతు. మస్కవీ జాతిని మినహాయిస్తే ప్రపంచంలోని పెంపుడు బాతులన్నీ అడవి మల్లార్డ్ సంతతే. కాబట్టి నాటు బాతు రెక్క, నూనె గ్రంథి చుట్టూ ఉన్న ఈక, ఒంటి ఈక అన్నిటి నిర్మాణమూ మల్లార్డ్‌దే. గోదావరి, కృష్ణా డెల్టాల్లో, కొల్లేరు చుట్టూ, నెల్లూరు వైపు బాతుల కాపరులు మందలను కోసిన వరి పొలాల్లో తిప్పి మేపుతారు. హైదరాబాద్‌లో చార్మినార్‌కు దగ్గరలో, ముర్గీ చౌక్ అని కూడా పిలిచే మహబూబ్ చౌక్ ఇలాంటి పక్షులకు పాత బజారు. కోసే చోట ఈకను చెత్తలో వేస్తారు, అడిగితే ఊరకే ఇస్తారు. అడవి రంగు నిలిచిన మగ బాతులో గీతల పక్క ఈక కూడా దొరుకుతుంది. తెల్ల బాతు ఈక రంగు వేయడానికి మరీ మంచిది. ఉల్లిపొట్టు కషాయంలో ఉంచితే వుడ్ డక్‌కు దగ్గరగా వచ్చే పసుపు గోధుమ రంగు దిగుతుంది.

తెచ్చిన ఈకను శుభ్రం చేయడంలో తొందర పనికిరాదు. ముందు చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ ఉండాలి. బర్డ్ ఫ్లూ భయం ఉన్న కాలంలో ఆ పక్షుల జోలికే పోకూడదు. ఈకలను వీలైనంత వరకు పొడిగా ఉన్నప్పుడే పీకాలి. పక్క ఈకలు, భుజం ఈకలు, నూనె గ్రంథి ఈకలు వేరువేరు కవర్లలో వేయాలి. తర్వాత కలిసిపోతే వేరుచేయడం పెద్ద పని. గోరువెచ్చని నీళ్ళలో కొద్దిగా షాంపూ వేసి మెల్లగా జాడించి, మంచినీళ్ళలో కడిగి, గుడ్డ మీద పరిచి నీడలో ఆరబెట్టాలి. సీడీసీ ఈకకు ఈ స్నానం అక్కర్లేదు, నూనె పోతుంది. రెక్కలను కీలు దగ్గర కోసి, మాంసం, కొవ్వు గీకేసి, ఉప్పు లేదా బోరాక్స్ అద్ది, అట్ట మీద విప్పి గుండుసూదులతో బిగించాలి. ఎండాక ఆ ఆకారంలోనే నిలుస్తాయి. ఈకలకు అసలు శత్రువు పురుగు. చిమ్మెట, తివాచీ పురుగు గుడ్లు ఒకసారి పడితే ఆరు నెలల సరుకు పొడి అవుతుంది. మూసిన కవరులో కొన్నాళ్ళు ఫ్రీజర్‌లో ఉంచి, తీసి, మళ్ళీ ఉంచితే చల్లదనానికి తప్పిన గుడ్లు కూడా చస్తాయి. ఆపైన గాలి చొరని డబ్బాలో కర్పూరం వేసి ఉంచాలి. ముసురు పట్టే నెలల్లో తేమ చూసుకోవాలి.

కట్టడం మొదలుపెట్టేవారికి బాతు ఈకతో చేసే తడి ఫ్లై, అంటే నీటిలో మునిగే ఫ్లై, మంచి పాఠం. గాలాన్ని చిన్న వైస్‌లో వంపు దగ్గర బిగిస్తారు. మైనం పట్టిన సన్నని దారాన్ని గాలం కంటి వెనక నుంచి వంపు దాకా దగ్గర దగ్గర చుట్లుగా చుడతారు. వంపు దగ్గర చారల పక్క ఈక నుంచి నాలుగైదు పీచులు తీసి తోకగా కడతారు. అక్కడే ఒక జరీ పోగు కట్టి వదిలేస్తారు. పాతబస్తీలో జర్దోజీ పనికి అమ్మే సన్నని జరీ ఈ పనికి బాగా పనికొస్తుంది. దారానికి కొద్దిగా ఉన్ని పూసి ఒళ్ళు చుట్టి, మూడు నాలుగు మెలికలుగా జరీని ముందుకు తెచ్చి కడతారు. గొంతు దగ్గర కోడి మెడ ఈక ఒక చుట్టు పడుతుంది. చివరికి రెక్క వస్తుంది. జత ఈకల నుంచి ఒకే వెడల్పున కోసిన రెండు పీలికలను లోపలికి వంగిన వైపులు ఎదురెదురుగా కలిపి, బొటనవేలు, చూపుడువేలు మధ్య గాలం మీద పట్టుకుంటారు. దారాన్ని ఆ వేళ్ళ మధ్య నుంచి వదులుగా ఒక ఉచ్చులా పైకి తీసి అవతలికి దించి, తర్వాత నిట్టనిలువుగా కిందికి లాగుతారు. పక్కకు లాగితే పీలికలు మెలిపడి ముడుచుకుంటాయి. నిలువుగా లాగితే పీచు మీద పీచు పేర్చినట్టు అణిగి, రెక్క నిటారుగా నిలుస్తుంది. ఈ ఒక్క కదలిక పట్టుబడడానికి చాలామందికి డజన్ల కొద్దీ ఫ్లైలు పాడవుతాయి. తల దగ్గర ముడి వేసి, చుక్క వార్నిష్ పెట్టడంతో పని పూర్తవుతుంది.

ట్రౌట్ లేని తెలంగాణ నీళ్ళలో ఇలాంటి ఫ్లైకి చేపలు లేకపోలేదు. చిన్న గాలం మీద సన్నగా కట్టిన తడి ఫ్లైని పరిగెలు అందుకుంటాయి. తిలాపియా నీటి అడుగున మెల్లగా లాగే ఫ్లైకి వస్తుంది. 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీనుకు పెద్ద గాలం కావాలి. ఒత్తుగా పేర్చిన పక్క ఈకలతో, ముల్లుకు గడ్డి తగలకుండా అడ్డు తీగ పెట్టి, నీటి గడ్డి అంచున కదిలిస్తే అది దూకుతుంది. వానాకాలంలో పిల్లల గుంపును కాచుకుంటున్న కొర్రమీనును మాత్రం పట్టకూడదు. తల్లిదండ్రులు పోతే ఆ పిల్లలన్నీ వేరే చేపలకు మేతవుతాయి. ఏ చెరువైనా మత్స్యకారుల సంఘం గానీ మత్స్య శాఖ గానీ అనుమతిస్తేనే గాలం వేయాలి. తాగునీటి జలాశయాల్లో నిబంధనలు ఇంకా కఠినం.

చేప పట్టుకున్నాక సీడీసీ ఫ్లైకి జిగురు అంటి మునగడం మొదలుపెడుతుంది. దాన్ని మంచినీళ్ళలో జాడించి, నూలు గుడ్డ మధ్య ఒత్తి, రెండు మూడుసార్లు గాలిలో విసిరితే పోగులు విడివడి మళ్ళీ తేలుతుంది. ఏ ఫ్లైనైనా తడిగా డబ్బాలో పెడితే ఒక్క రాత్రిలో ముల్లు తుప్పు పట్టి, ఆ మరక పక్కనున్న ఫ్లైలకు కూడా అంటుతుంది. నీడలో పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టాలి.